యానిమేషన్‌లో ఎందుకు చేరావంటే ఏం రాయాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. జనగామ నుంచి హైదరాబాద్ వచ్చి మాసబ్‌ట్యాంక్‌లో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) యానిమేషన్ మొదటి ఏడాదిలో చేరావు. మొదటి వారంలోనే మేడమ్ ఒక పేజీ రాసుకురమ్మన్నారు: ఈ కోర్సు ఎందుకు ఎంచుకున్నావు, నాలుగేళ్లలో ఏం సాధించాలనుకుంటున్నావు. సోమవారం ఇవ్వాలి. "చిన్నప్పటి నుంచి కార్టూన్లంటే ఇష్టం, పెద్ద స్టూడియోలో పనిచేయాలన్నది నా కోరిక" అని రాశావు. పక్క బెంచీలో ముగ్గురు సరిగ్గా అదే రాశారని చూసి చించేశావు. ఇంట్లో నాన్న "బొమ్మలు గీయడానికి నాలుగేళ్ల చదువా" అంటున్నారు. క్లాసులో కొందరు నీకంటే చాలా బాగా గీస్తున్నారు. "అసలు నాకంటూ ఒక లక్ష్యం ఉందా అక్కా" అని అడిగావు.

నేను ఈ పనిలోకి వచ్చి 19 ఏళ్లయింది. టీవీ కార్టూన్ సీరియళ్లకు ఇన్‌బిట్వీన్లు, అంటే రెండు ముఖ్యమైన బొమ్మల మధ్య వచ్చే బొమ్మలు, గీస్తూ మొదలుపెట్టాను, తర్వాత త్రీడీ క్యారెక్టర్ యానిమేషన్‌కు మారాను, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ల షాట్లు చూసి దిద్దుతుంటాను. ఈ ప్రశ్నకు నేనూ ఒకప్పుడు తప్పు జవాబు రాశాను కాబట్టి కొంచెం వివరంగానే చెప్తాను.

నువ్వు చించేసిన పేజీలో అబద్ధం ఏమీ లేదు. నీ వయసు పిల్లలంతా చోటా భీమ్ చూస్తూ పెరిగారు. 2008లో టీవీలోకి వచ్చిన ఆ సీరియల్‌ని చేసింది మన హైదరాబాద్ సంస్థే, రాజీవ్ చిలక 2001లో మొదలుపెట్టిన గ్రీన్ గోల్డ్. ఇష్టపడి చూశావు, అందులో తప్పేముంది. కానీ చూడటం మీద ఇష్టం వేరు, చేయడం మీద ఇష్టం వేరు. బిర్యానీ ఇష్టమైనవాళ్లు ఊరంతా ఉంటారు. హండీకి దమ్ పెట్టి సెగ చూసుకుంటూ కూర్చునే ఓపిక కొందరికే ఉంటుంది. నాకు అర్థమైనంతలో మేడమ్ అడుగుతున్నది ఆ ఓపిక నీకు ఎక్కడి నుంచి వస్తుందని.

దానికి జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. చివర్లో, పెద్ద విషయం కానట్టు, ఒక వాక్యం రాశావు. ఇంటర్‌లో ఫిజిక్స్ రికార్డు మూలల్లో గొడుగు పట్టుకున్న మనిషిని గీసేవాడినని, పేజీలు ఫరఫరా తిప్పితే గాలికి గొడుగు తిరగబడేదని, మీ చెల్లి పడీపడీ నవ్వి మళ్లీ తిప్పమనేదని. నీ ప్రశ్న మొత్తంలో నన్ను ఆపిన వాక్యం అదే. ఎన్ని పేజీలు గీశావో రాయలేదు గానీ, నడిచే మనిషి చేతిలో గొడుగు తిరగబడాలంటే తక్కువలో తక్కువ 30, 40 బొమ్మలు పడతాయి. ఎవరూ గీయమనలేదు. మార్కులు రావు, పైగా రికార్డు పాడుచేశావని తిట్లు పడి ఉంటాయి. అయినా ఒకే మనిషిని అన్నిసార్లు గీశావు. ఆ పేజీలో మొదట రావాల్సింది ఆ గొడుగు మనిషి.

నా సంగతి చెప్తాను. మాకు కూడా మొదట్లో ఇలాంటి పేజీ రాయించారు. "మన పురాణ కథలను యానిమేషన్‌లో ప్రపంచానికి చూపిస్తాను" అని రాశాను. చాలా గొప్పగా రాశాననుకున్నాను కూడా. మా సార్ ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో "ఏ కథ? నీకెవరు చెప్పారు?" అని రాసి తిరిగిచ్చారు. నా దగ్గర సమాధానం లేదు. ఏ కథా నా మనసులో లేదు, ఆ మాట ఎక్కడో పేపర్లో చదివాను.

ఆ ఏడాదే ఒక అభ్యాసం ఇచ్చారు: ఇంట్లో ఒక మనిషి చేసే ఒక చిన్న పని, 3 సెకన్లు, చేత్తో గీసి తీసుకురావాలి. నేను మా నాయనమ్మ నేల మీంచి లేవడం ఎంచుకున్నాను. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు, 3 సెకన్లకు 36. కూర్చున్న బొమ్మ గీశాను, నిలబడ్డ బొమ్మ గీశాను, మధ్యలో 34 సమానంగా నింపాను. పెన్సిల్ టెస్ట్, అంటే గీసిన బొమ్మల్ని వరసగా, నడిపిస్తే నాయనమ్మ లిఫ్టులో పైకి వెళ్తున్నట్టు లేచింది. సార్ చూసి "మీ నాయనమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయా" అని అడిగారు. ఉన్నాయన్నాను. "మరి బొమ్మలో ఎక్కడున్నాయి?" అన్నారు.

ఇంటికి వెళ్లి వారం రోజులు ఆవిణ్నే చూశాను. పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీసేది. లేవాలనుకున్నప్పుడు ముందు లేవదు. ముందు పళ్లెం పక్కకు జరుపుతుంది. కొంగు తీసి బొడ్లో దోపుకుంటుంది. కుడి అరచెయ్యి నేలకు ఆనించి, ఎడమ చెయ్యి మోకాలి మీద వేస్తుంది. అక్కడ ఆగుతుంది. ఒళ్లు ఇంకాస్త కిందికి దిగుతుంది, పైకి కాదు. "రామా" అనే మాట అప్పుడు వస్తుంది. మాట అయ్యాకే నడుము లేస్తుంది, ఆ తర్వాత భుజాలు, అన్నిటికంటే చివర తల. నిలబడ్డాక కూడా వెంటనే నడవదు, ఒక అర క్షణం మోకాలిని నమ్మాలా వద్దా అన్నట్టు చూసుకుంటుంది.

మళ్లీ గీశాను. మోకాలి మీద చెయ్యి పడ్డాక ఆ ఆగడానికే 16 ఫ్రేములు ఇచ్చాను, లేవడాన్ని వేగంగా ముగించాను. ఫోన్లో వీడియోగా నాయనమ్మకు చూపిస్తే కళ్లజోడు తెచ్చుకుని చూసి "నేనే కదే" అంది. ముఖం సరిగా గీయలేదు నేను, ముక్కు అసలు కుదరలేదు. అయినా గుర్తుపట్టింది. ఈ పనిలో ఎందుకున్నావని ఇప్పుడు ఎవరడిగినా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. డిస్నీలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్స్టన్ 1981లో యానిమేషన్‌కు 12 సూత్రాలు రాసిపెట్టారు, అవి నీకు ఈ సెమిస్టర్‌లోనే చెప్తారు. అందులో ఆంటిసిపేషన్ అని ఒకటుంది, అసలు కదలికకు ముందు ఒళ్లు చేసుకునే సన్నాహం. నిర్వచనం బట్టీపడితే రెండు మార్కులొస్తాయి. నాకు మాత్రం అది మోకాలి మీద పడిన నాయనమ్మ చెయ్యి.

ఇప్పుడు నీ గొడుగు మనిషి దగ్గరికి వద్దాం. మీ చెల్లి ఏ పేజీ దగ్గర నవ్వేది? గొడుగు తిరగబడినప్పుడా, తిరగబడబోయే ముందు ఆ మనిషి గొడుగు కర్రను గట్టిగా పట్టుకున్నప్పుడా, లేక అంతా అయిపోయి తడుస్తూ నిలబడ్డప్పుడా? నీకు తెలియకపోవచ్చు. తెలుసుకోవాలని ఉందా? ఉందంటే నీకు లక్ష్యం ఉన్నట్టే తమ్ముడూ. ఒక కదలిక చూసిన మనిషి ఎక్కడ నవ్వుతాడో, ఎక్కడ ఊపిరి బిగబడతాడో ముందే తెలిసి గీయగలగడం. నాలుగేళ్లు దాని మీద పెట్టొచ్చు.

క్లాసులో నీకంటే బాగా గీసేవాళ్ల గురించి భయపడుతున్నావు. బాగా గీయడం గొప్ప బలం, కాదనను. కానీ ఒక్క బొమ్మ అందంగా ఉండటం, 36 బొమ్మలు కలిసి బతకడం రెండూ ఒకటి కావు. 2012లో వచ్చిన ‘ఈగ’నే తీసుకో. అందులో హీరోకు మాట లేదు, కనుబొమ్మలు లేవు, పెదవులు లేవు. దాని కోపం, తెలివి, ప్రేమ అన్నీ అది ఎగిరే తీరులో, ఆగే తీరులో, తల తిప్పే వేగంలో చూపించాల్సి వచ్చింది. మన ఊళ్లోని మకుట సంస్థ ఎఫెక్ట్స్ చేసిన ఆ సినిమాకు స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు వచ్చింది. జనం ఈగ కోసం ఈలలు వేశారంటే బొమ్మ అందంగా ఉందని కాదు. అలాగని గీయడం మానేయొద్దు. రోజూ గీయి, ఎదురుగా ఉన్నదాన్ని గీయి.

ఎక్కడ గీయాలంటావేమో, నువ్వుంటున్న ఊరికి మించిన క్లాసు లేదు. ఒక ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లు. అక్కడి పాత గడియారంలో గంట గంటకీ ఒక బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టిపోతాడు, జనం ముందే వచ్చి కుర్చీల్లో కాచుకుని ఉంటారు. నువ్వు మాత్రం ఇంకో బొమ్మను చూడు, సుత్తితో సెకన్లు కొడుతుండే కమ్మరిని. ప్రతి దెబ్బా ఒకటే. అక్కణ్నుంచి చార్మినార్ వైపు నడిచి, వెండి రేకు కొట్టేవాళ్లు కనిపిస్తే, వరఖ్ అంటారే మిఠాయిల మీద వేసేది, వాళ్ల దగ్గర అడిగి పావుగంట నిలబడు. పుస్తకం లాంటి పొరల మధ్య వెండి పెట్టి గంటల తరబడి సుత్తితో కొడతారు. మొదట చేత్తో కొట్టినట్టుంటుంది, తర్వాత దెబ్బ భుజంలోంచి వస్తుంది, అలసట ఎక్కువయ్యాక నడుములోంచి. మధ్యలో పట్టు మార్చుకుంటారు, లయ ఒక్క దెబ్బ తప్పి మళ్లీ కుదురుకుంటుంది. గడియారంలో కమ్మరి ఎప్పటికీ అలసిపోడు. మన పనంతా ఆ తేడాలోనే ఉంది. నేను నేర్పిన పిల్లలందరినీ అక్కడికి పంపించాను, రెండు బొమ్మలూ పక్కపక్కన గీసి తెమ్మంటాను.

అంత దూరం వెళ్లలేకపోతే మెహదీపట్నం బస్టాప్ చాలు. కదిలే బస్సు ఎక్కే మనిషిని చూడు. మూడు అడుగులు పరుగు, చెయ్యి ముందు కడ్డీని అందుకుంటుంది, ఆ క్షణంలో ఒళ్లు బస్సుది అవుతుంది, కాళ్లు ఇంకా రోడ్డువే. బ్యాగు అన్నిటికంటే ఆలస్యంగా ఎక్కుతుంది. నువ్వు మాత్రం అలా ఎక్కకు.

ఇక నాలుగేళ్ల లక్ష్యం. ఇక్కడ ఒక్క విషయంలో పట్టుబడతాను: సంస్థ పేరు లక్ష్యంగా రాయొద్దు. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కు 2013 ఫిబ్రవరిలో ఆస్కార్ వచ్చింది. అదే నెలలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. వాళ్లకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉండేది. అంత పని తెలిసిన స్టూడియోకే అలా జరిగింది. సంస్థలు వస్తాయి, పోతాయి, చేతులు మారతాయి. అక్కడ పులి భుజం ఎముక చర్మం కింద ఎలా జరుగుతుందో నేర్చుకున్నవాళ్లు ఆ విద్యను తమ వెంట తీసుకెళ్లారు. అందుకే లక్ష్యాన్ని చేతికి వచ్చే పనిగా రాయి, ఎవరైనా చూసి అయిందో లేదో చెప్పగలిగేట్టు.

మొదటి ఏడాదికి నేనైతే ఇంతే రాస్తాను: బరువు తెలిసేలా ఒక బంతి ఎగరడం, ఒక మనిషి నడక, ఒక మనిషి ఏదైనా బరువు ఎత్తడం. బంతి చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది. క్రికెట్ బంతి, బెలూన్, నీళ్లు నింపిన బెలూన్ మూడూ ఒకే గుండ్రం గీతతో గీసి, రంగు లేకుండా, చప్పుడు లేకుండా, చూసినవాళ్లు ఏది ఏదో చెప్పేలా చేయి. నాకు నెల పట్టింది. నడకలో మామూలు మనిషి ఒక అడుగుకు దాదాపు అర సెకను, అంటే 12 ఫ్రేములు. ఆ 12లో మీ నాన్న నడక వేరు, పొద్దున్నే కాలేజీకి ఆలస్యమైన నీ నడక వేరు. ఈ మూడూ పూర్తి చేసి, దాచుకోకుండా క్లాసులో చూపించు. పూర్తి చేయడం అంటున్నాను, గమనించు. సగంలో వదిలేసిన 20 పనులు ఉన్న పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు, ప్రతిదీ ఎక్కడ కష్టమైందో సరిగ్గా అక్కడే ఆగి ఉంటుంది.

రెండో ఏడాది అన్ని పనులూ ఒకసారి ముట్టుకో. రిగ్గింగ్ (బొమ్మ కదలడానికి లోపల ఎముకలు, కీళ్లు అమర్చడం), లేఅవుట్ (షాట్‌లో ఏది ఎక్కడుండాలో పేర్చడం), లైటింగ్, కంపోజిటింగ్ (విడివిడి పొరలను ఒకే షాట్‌గా కలపడం), ఎఫెక్ట్స్, స్టోరీబోర్డు (కథను వరస బొమ్మల్లో గీయడం). నువ్వనుకున్నది ఒకటి, నీకు కుదిరేది ఇంకొకటి కావచ్చు. క్యారెక్టర్ యానిమేటర్ అవుతానని వచ్చి లైటింగ్‌లో ప్రాణం పెట్టినవాళ్లు నాకు తెలుసు. మూడో ఏడాది ఇంటర్న్‌షిప్. నాలుగో ఏడాది ఒక నిమిషమో రెండు నిమిషాలో ఉండే నీ సొంత సినిమా, దాంతోపాటు నిమిషానికి మించని షోరీల్, అంటే ఉద్యోగం కోసం నీ పనుల్లోంచి ఏరి కూర్చిన వీడియో. షోరీల్‌లో నీ మంచి పని ముందు పెట్టు, మొదటి 10 సెకన్లలోనే మాకు చాలావరకు తెలిసిపోతుంది. బలహీనమైన షాట్‌ను నిడివి కోసం కలపకు.

మొదటి ఉద్యోగం గురించి కూడా నిజం తెలిసి ఉండాలి. ఇక్కడ చాలామందికి మొదట దొరికేది రోటో, పెయింట్, మ్యాచ్‌మూవ్ లాంటి పనులు. రోటో అంటే ఎవరో తీసిన షాట్‌లో మనిషి అంచు ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి వేరుచేయడం, పెయింట్ అంటే షాట్‌లో అక్కర్లేనివి చెరిపేయడం, మ్యాచ్‌మూవ్ అంటే అసలు కెమెరా కదలికను కంప్యూటర్‌లో సరిపోల్చడం. రిలీజ్ దగ్గరపడితే రాత్రిళ్లు ఉంటాయి. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం అయిపోయే చోట్లూ ఉంటాయి. నేను గీసిన ఇన్‌బిట్వీన్ల లాంటి పని ఇప్పుడు చాలావరకు సాఫ్ట్‌వేర్ చేసేస్తోంది, ఇంకా చేస్తుంది. ఇవన్నీ నాన్నగారికి నువ్వే చెప్పు, వేరేవాళ్ల నోట వినేకంటే. ఆయన అడిగేది ఎగతాళి కాదు, కొడుకు ఎలా బతుకుతాడని. ఆయనకు చెప్పగలిగే మంచి మాటలూ ఉన్నాయి. ఇది నాలుగేళ్ల డిగ్రీ. సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎం.డిజైన్‌కు, అంటే డిజైన్‌లో పీజీకి, వెళ్లొచ్చు. ఐఐటీ బాంబేలో యానిమేషన్‌లోనే ఆ కోర్సు ఉంది, కందిలో మన ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. ఆర్నెల్ల సాఫ్ట్‌వేర్ కోర్సు చేసినవాడికి ఒక సాఫ్ట్‌వేర్ వస్తుంది. నువ్వు గీయడం, కథ చెప్పడం, శరీరాన్ని అర్థం చేసుకోవడం నేర్చుకుని బయటికొస్తావు, అది సాఫ్ట్‌వేర్ మారినా ఉంటుంది.

ఖరీదైన కంప్యూటర్ లేదని కూడా రాశావు. ఇప్పుడే అప్పు చేయొద్దు, నాన్నగారితో చేయించొద్దు. మొదటి ఏడాది కాగితం, ఫోను సరిపోతాయి. త్రీడీకి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా ‘ఫ్లో’ బ్లెండర్‌లోనే తయారైంది. అందులో ఒక్క మాట కూడా ఉండదు, పిల్లి, కుక్క, ఇంకొన్ని జంతువులు, అంతా కదలికే. వీలైతే చూడు, పిల్లి దూకే ముందు వెనక కాళ్లు ఎలా సర్దుకుంటుందో అక్కడ ఆపి చూడు.

పేజీ ఎలా మొదలుపెట్టాలంటావా. నీ బదులు నేను రాయను, మేడమ్ ఇట్టే కనిపెట్టేస్తారు. కానీ మొదటి వాక్యంలో గొడుగు ఉండాలి. రెండో వాక్యంలో మీ చెల్లి. తర్వాత నీకు తెలియనిది ఒప్పుకో: ఆమె ఎందుకు నవ్విందో నాకు తెలియదు, తెలుసుకోవడానికి వచ్చాను అని. ఆ తర్వాత మొదటి ఏడాది మూడు పనులు. నాలుగో ఏడాది సినిమా దేని గురించో ఇప్పుడే తెలియకపోతే తెలియదనే రాయి. పేజీ నిండకపోయినా పర్వాలేదు.

ఈ శనివారం జనగామ వెళ్తానన్నావు కదా. ఆ ఫిజిక్స్ రికార్డు అటక మీదో, పాత పుస్తకాల కట్టలోనో ఉంటుంది, అమ్మ పాతసామాన్లవాడికి వేయకముందే వెతికి తీసుకో. చెల్లిని ఎదురుగా కూర్చోబెట్టి మళ్లీ తిప్పు. ఈసారి నువ్వు బొమ్మ చూడకు, ఆమె ముఖం చూడు. నవ్విన పేజీ దగ్గర వేలు పెట్టి ఆపి, దాని నంబరు రాసుకో. రెండుమూడుసార్లు చెయ్యి, ఒకే పేజీ వస్తుందో లేదో చూడు. తర్వాత ఆ పేజీకి ముందు రెండు బొమ్మలు అదనంగా గీసి, కాగితం అంటించి, మళ్లీ చూపించు. నవ్వు పెరిగిందా, తగ్గిందా నాకు రాయి. ఆదివారం రాత్రి దాకా మేలుకునే ఉంటాను, పేజీ పంపితే చదివి పెడతాను.